మబ్బు పట్టిన రోజు మహేంద్రగిరి అడవిలో నడక: పర్లాకిమిడి వైపు నుంచి వెళ్ళేవారికి

మబ్బు పట్టిన రోజు కొండకు వెళ్తానంటే మా ఇంట్లో వచ్చే మొదటి మాట, "ఈ మబ్బులో అక్కడ ఏటి చూస్తావు?" అడగాల్సిన ప్రశ్నే. ఎండ కాసే రోజు మహేంద్రగిరి మీద నిలబడితే తూర్పున సముద్రం మెరుస్తూ కనిపిస్తుంది. మబ్బు కొండ మీదికి దిగిన రోజు పది బారల దూరంలో ఉన్న మద్దిచెట్టు కూడా సరిగా కనిపించదు. అయినా ఏటా మూడు నాలుగు సార్లు కావాలనే అలాంటి రోజు చూసుకుని బయలుదేరతాను. నడుస్తుంటే మాడు మాడదు. తడిసిన ఆకులు, మన్ను, నాచు కలిసి ఒక వాసన వస్తుంది, అది ఎండరోజు దొరకదు. శివరాత్రి జాతరకు కాలు పెట్టడానికి సందు ఉండని కొండ మీద ఆ రోజు మనిషి అలికిడి ఉండదు.

కాకపోతే ఎండరోజు నడిచినట్టు నడిస్తే కుదరదు. ఎండరోజు శిఖరం చూసుకుంటూ వెళ్తాం. మబ్బురోజు గడియారం చూసుకుంటూ వెళ్ళాలి. ఈ తేడా నాకు బుర్రకెక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఒక సాయంత్రం అడవిలో బాగా టెన్షన్ పడ్డాక గానీ ఎక్కలేదు. ఆ కథ మధ్యలో వస్తుంది.

ముందు చోటు గురించి రెండు మాటలు. మహేంద్రగిరి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది కొరాపుట్ జిల్లా దేవమాలి, అది 1672 మీటర్లు. పైన కుంతి, భీముడు, ధర్మరాజు పేర్లతో పాత రాతిగుళ్ళు ఉన్నాయి. పరశురాముడు తపస్సు చేస్తున్నది ఇక్కడేనని నమ్మకం. శ్రీముఖలింగం చూసినవారికి ఈ వైపు ఏలిన తూర్పు గాంగ రాజులు తెలిసే ఉంటారు, వాళ్ళ కులదైవం గోకర్ణేశ్వరుడు ఈ కొండ మీది దేవుడే. 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. దగ్గరి పట్టణం పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా నడిచే ఊరు మాది. ఆంధ్రా వైపు పాతపట్నం పక్కనే. రైలుకైతే నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే లైనులో పర్లాకిమిడి స్టేషనులో దిగాలి. అక్కడి నుంచి కోయిన్‌పూర్ వైపు కొండదారి. బండి మీద రెండు గంటలు వేసుకోండి.

1. ఏ మబ్బో చూసుకోండి

అన్ని మబ్బులూ ఒకటి కావు. ఆకాశమంతా బూడిద పూసినట్టు ఒకే రంగులో ఉండి, గాలి లేకుండా, ఎప్పుడైనా తుప్పర పడుతుంటే అది నడకకు పనికొచ్చే మబ్బు. గోపురంలా పైపైకి పెరుగుతూ అడుగున సీసం రంగుకు తిరిగితే అది ఉరుము మబ్బు, ఆ రోజు ఇంట్లో పకోడీలు వేసుకోండి. రెండు రోజులుగా ఆగకుండా పడుతున్న ముసురు మూడో రకం. ఇది చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ, నన్నడిగితే మూడింటిలోనూ ఇదే ప్రమాదం. కొండ అప్పటికే నీళ్ళు తాగి బరువెక్కి ఉంటుంది.

నెలల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మబ్బంటే ఉరుములు, పిడుగులే. ఒడియావాళ్ళు కాళబైశాఖి అంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడవి పచ్చగా ఉంటుంది, గెడ్డలూ (కొండవాగులు) నిండుగా ఉంటాయి. అక్టోబరు పేరు చెబితే మా వైపు అందరం ఒకసారి కేలండరు చూస్తాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడితే చాలు, నడక మానేయండి. నాకు నచ్చేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు మబ్బు పట్టినా వాన తక్కువ, కొండల మీద తెల్లటి మంచు నిలిచి ఉంటుంది.

ముందురోజు రాత్రి వాతావరణ శాఖ వెబ్‌సైటులో గోపాల్‌పూర్ రాడార్ బొమ్మ, విశాఖ రాడార్ బొమ్మ రెండూ చూడండి. మనం ఆ రెంటికీ మధ్యలో ఉన్నాం. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్లో ఉంచుకోండి. కొండ మీద సిగ్నల్ పోయాక అది పని చేయదు కాబట్టి బయలుదేరే ముందు చూడాల్సిందే.

2. సంచి

బరువు వద్దు, కానీ కొన్ని లేకుండా కదలకండి. రెండు లీటర్ల నీళ్ళు. చల్లగా ఉందని దాహం తెలియదు, తలనొప్పి వచ్చాక తెలుస్తుంది. తినడానికి పులిహోర బాగుంటుంది, అడ్డాకులో కడితే మరీనూ. ముడి (మరమరాలు), వేయించిన పల్లీలు, బెల్లం ముక్క విడిగా జేబులో ఉండాలి. సంచి దించకుండా తినేవి జేబులో ఉంటేనే తింటాం.

బట్టల దగ్గర ఒకటే పట్టుదల నాది, జీన్సు వద్దు. తడిస్తే ఇటుకల బస్తాలా బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు. వంద మీటర్లు ఎక్కితే సుమారు అర డిగ్రీ పైనే చలి పెరుగుతుంది. అంటే పర్లాకిమిడిలో 22 డిగ్రీలుంటే పైన 14 దగ్గర ఉంటుంది. తడి బట్ట మీద గాలి తగిలితే ఆ 14 ఇంకా తక్కువగా అనిపిస్తుంది. పల్చటి నైలాన్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఒక స్వెట్టరు ప్లాస్టిక్ కవరులో చుట్టి అడుగున పెట్టుకోండి. ఎంత తడిసినా ఆ స్వెట్టరు మాత్రం కింద ఊరికి చేరేదాకా పొడిగా ఉండాలి. ఆగి కూర్చున్నప్పుడే దాన్ని తియ్యాలి, నడిచేటప్పుడు కాదు.

రెయిన్‌కోటా, గొడుగా? అడవి లోపల గాలి ఉండదు, నేను గొడుగే తీసుకెళ్తాను. రెయిన్‌కోటు వేసుకుని ఎక్కుడు ఎక్కితే లోపల చెమటతో తడుస్తాం, బయట వానతో తడిసినదానికీ దానికీ తేడా ఏముంది? శిఖరం దగ్గర గడ్డిబయలులోకి వచ్చాక మాత్రం గాలికి గొడుగు నిలవదు. అక్కడికి పల్చటి కోటు ఒకటి.

టార్చి, విజిల్, దిక్సూచి, ఫోనుకు పవర్ బ్యాంకు, చేతికర్ర, ఆధార్ జిరాక్సు. దోమల మందు కూడా. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా పాత సమస్య. మెల్లగా పారే గెడ్డ నీళ్ళలో పెరిగే అనాఫిలిస్ దోమలు ఇక్కడ ఉన్నాయి, అవి చీకటి పడ్డాక కుడతాయి. మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఈ కొండలు పట్టి తిరిగారు, చలిజ్వరం తగిలింది, దానికి వేసుకున్న క్వినైన్‌తో వినికిడి పోయింది. వ్యవహార భాష కోసం అంత పోరాడిన మనిషికి చివరికి ఎదుటివాళ్ళ మాట వినబడకుండా పోవడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీరు మాత్రం చీకటి పడేలోపు కిందికి దిగండి.

3. చెప్పి వెళ్ళండి

ఇంట్లో ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి కిందికి వస్తారో కాగితం మీద రాసి ఇవ్వండి. అటవీ శాఖవాళ్ళను ముందురోజే ఫోనులో అడగండి, దారి మూసి ఉన్న రోజులూ ఉంటాయి. కొండ కింది సవర ఊళ్ళో బండి పెట్టేటప్పుడు పెద్దమనిషిని పలకరించండి. సవర ఊరి పెద్దను గమాంగ్ అంటారు. ఊళ్ళోంచి ఒక మనిషిని వెంట తీసుకెళ్తే అన్నిటికంటే మంచిది, రోజుకూలి బేరమాడకుండా ఇవ్వండి.

తెలుగు చాలామందికి అర్థమవుతుంది. అయినా నాలుగు ఒడియా ముక్కలు నోట్లో ఉంచుకోండి. "ఏ బాట కుఆడే జాఉఛి?" అంటే ఈ దారి ఎటు పోతుంది అని. పాణి అంటే నీళ్ళు. ఒక చిట్కా, "ఇది గుడికి పోయే దారేనా?" అని ఎప్పుడూ అడగకండి. మర్యాద కోసం అవుననే అంటారు. ఎటు పోతుందని అడిగితేనే నిజం వస్తుంది.

4. వేళ లెక్క

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, కాగితం మీద చేయాల్సిన పని. కొండలెక్కేవాళ్ళు వాడే పాత లెక్క ఒకటుంది. 1892లో నేస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పింది. సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ మరో గంట. నాలుగు కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలనుకోండి. నడకకు 48 నిమిషాలు, ఎక్కుడుకు గంట, కలిపి గంటా యాభై. ఇది ఆరిన దారిలో, ఆగకుండా నడిచే మనిషికి. మన తడిదారికి, మన మోకాళ్ళకు సగం కలపండి. రెండూ ముప్పావు గంటలవుతుంది. దిగడానికి తక్కువ పడుతుందని అనుకోవద్దు. తడిలో దిగుడే ఎక్కువ సేపు పడుతుంది, పడేదీ అప్పుడే.

ఇప్పుడు వెనక నుంచి లెక్కపెట్టండి. మన వైపు నవంబరులో ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. మబ్బు రోజు చెట్ల కింద నాలుగున్నరకే మసక. కాబట్టి నాలుగింటికి బండి దగ్గర ఉండాలి. దిగడానికి మూడు గంటలు తీసేస్తే ఒంటిగంట. ఆ ఒంటిగంటే మీ తిరుగు వేళ. గుడి ఎదురుగా ఇరవై అడుగుల్లో కనిపిస్తున్నా సరే, ఒంటిగంట కొడితే తిరగాలి. "ఇంకో పది నిమిషాలే కదా" అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మా గుంపులో అది నేనే. అందుకని గడియారం మా మేనల్లుడి చేతికిస్తాను.

ఉదయం ఏడున్నరకు నడక మొదలుపెట్టగలిగితే పది గంటలు దాటేసరికి పైన ఉంటారు, తాపీగా కూర్చుని తినడానికి వేళ మిగులుతుంది.

5. తడినేల మీద అడుగు

ఎర్రమట్టి తడిస్తే సబ్బు. రాయి మీద పాచి అంతకంటే సబ్బు. అన్నిటికంటే దగా చేసేది రాలిన ఆకు, కింద ఏముందో చెప్పదు. చిన్న అడుగులు వేయండి, పాదం మొత్తం ఆనించండి. ఎక్కుడులో మాట్లాడుకుంటూ నడవగలిగినంత నెమ్మదిగా వెళ్ళండి. ఆయాసంతో మాట ఆగిపోతోందంటే తొందరపడుతున్నారన్నమాట. దిగుడులో మోకాళ్ళు కొద్దిగా వంచి, కర్ర ముందు ఆనించి, తర్వాత కాలు. వేరు మీద కాలు వేయకండి, దాటి వేయండి.

కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. అడుగు అరిగిన చెప్పులు అసలే వద్దు. సవరవాళ్ళు రబ్బరు చెప్పులతో, ఒట్టి కాళ్ళతో లేళ్ళలా వెళ్తారని మీరూ ప్రయత్నించకండి. వాళ్ళ కాళ్ళు పుట్టినప్పటి నుంచి ఆ కొండ మీదే ఉన్నాయి.

6. మంచు దిగినప్పుడు దారి

కొన్నేళ్ళ క్రితం నవంబరులో మా మేనల్లుడూ నేనూ దిగుతున్నాం. మంచు కమ్మింది. దారి రెండుగా చీలిన చోట వాడు ఎడమ అన్నాడు, నేను కుడి అన్నాను. "మావయ్యా, వచ్చేటప్పుడు ఈ పనసచెట్టు లేదు" అన్నాడు. వయసులో పెద్దవాడిని కదా, నా మాటే నెగ్గింది. నలభై నిమిషాలు నడిచాక దారి నాలుగు పాయలైంది, ఒక్కొక్క పాయా సన్నబడి గడ్డిలో కలిసిపోయింది. చుట్టూ పేడ. టైము మూడున్నర. పక్కన గెడ్డ చప్పుడు వినిపిస్తుంటే దాన్ని పట్టుకుని దిగిపోదామన్నాను. అదృష్టం కొద్దీ కొండచీపుర్లు కోసుకుంటున్న ఒక సవర తాత కనిపించాడు. మమ్మల్ని చూసి నవ్వి, తెలుగు, ఒడియా కలిపి, "ఆవుల బాటలో వచ్చేసినారా?" అన్నాడు. గెడ్డ వెంట దిగితే ఏమవుతుందని అడిగాను. అరచేతిని నిలువుగా గాల్లో కిందికి జార్చి చూపించాడు. కింద జలపాతం ఉందని.

వెనక్కి తీసుకెళ్తూ దారిలో ఆయన చూపించినవి ఇవి. మనుషుల దారి వంపులు తిరిగినా ఒకే వాలులో పోతుంది, అడ్డొచ్చిన కొమ్మలు కత్తితో నరికి ఉంటాయి, నరుకుడు నడుము ఎత్తుకు పైన ఉంటుంది. పశువుల దారి మీద కొమ్మలు నరికి ఉండవు. ఛాతీ ఎత్తున ముళ్ళకంపలు మూసుకుని, కింద మాత్రం సొరంగంలా తెరిచి ఉంటుంది. మేత దొరికే దాకా వెళ్ళి పాయలుగా చీలిపోతుంది. మనుషుల దారిలో గెడ్డ దాటే చోట రాళ్ళు పేర్చి ఉంటాయి, ఎక్కడో ఒకచోట బీడీ ముక్క ఉంటుంది.

ఆ తర్వాత నుంచి నేను పాటించేవి చెబుతాను. దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారి ఫోటో తీస్తాను. తిరుగు ప్రయాణంలో మన కంటికి కనిపించేది ఆ వైపే కదా. మ్యాపు ఇంటి దగ్గరే ఫోన్లో దించుకుంటాను, జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు. గుంపులో చివరి మనిషి ముందు మనిషికి కనిపిస్తూ ఉండాలి. మంచులో కేకలు ఎటు నుంచి వస్తున్నాయో పోల్చుకోవడం కష్టం.

దారి తప్పామని అనుమానం వస్తే అక్కడే నిలబడండి. నీళ్ళు తాగండి. ఖాయంగా తెలిసిన చివరి చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. అడ్డంగా అడవిలో పడి దగ్గరదారి వెతకొద్దు, గెడ్డ పట్టుకుని దిగొద్దు. కదలలేని పరిస్థితి వస్తే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి. కొండల్లో ఇది ఆపద గుర్తు. ఊళ్ళోవాళ్ళకు ఆ లెక్క తెలియకపోయినా, అడవిలో ఆగి ఆగి విజిల్ వినిపిస్తే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు.

7. గెడ్డలు

పొద్దున చీలమండ తడవకుండా దాటిన గెడ్డ మధ్యాహ్నానికి తొడల దాకా రావచ్చు. మీ మీద చినుకు పడకపోయినా సరే, పైన పడితే చాలు. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు పెరిగినా అప్పటికప్పుడు గట్టు ఎక్కండి. మోకాలి పైన ఉంటే దాటొద్దు. కొండగెడ్డ ఎంత వేగంగా పొంగుతుందో వాన ఆగితే అంత వేగంగానూ తగ్గుతుంది. ఒక గంటో రెండు గంటలో ఆగడం మేలు, ఆ గంటలు తిరుగు వేళలో ముందే కలిపి ఉండాలి. దాటక తప్పనప్పుడు బూట్లతోనే దాటండి, సంచి నడుము పట్టీ విప్పేయండి, పై వైపుకు తిరిగి కర్ర ఆనిస్తూ పక్కకి అడుగులు వేయండి.

8. ఉరుము, కొండచరియ

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపు ఉంటే శిఖరం, గడ్డిబయలు, ఒంటరి చెట్టు, గుడి గోడల పక్క అన్నీ వదిలి కిందికి దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి ఎక్కొద్దు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆగకుండా వాన పడుతున్నప్పుడు రాతిగుహలోనో, బండ చూరు కిందో తలదాచుకోవాలనిపిస్తుంది. తిత్లీ తుపాను రోజు ఇదే గజపతి జిల్లాలో, బరఘర ఊరివాళ్ళు వానకు తట్టుకోలేక కొండగుహలో దాక్కుంటే చరియ విరిగి పడి పదిమందికి పైగా పోయారు. పుట్టినప్పటి నుంచి ఆ కొండల్లో ఉన్నవాళ్ళకే అలా జరిగింది. పోడు కొట్టి చెట్లు లేని వాలు కింద, కొత్తగా పగుళ్ళు కనిపించే చోట, చెట్లు ఒరిగి ఉన్న చోట ఆగొద్దు. తడిస్తే తడవండి.

9. అడవిలో మిగతావాళ్ళు

ఎలుగుబంట్లు ఉన్నాయి. మందస, వజ్రపుకొత్తూరు జీడితోటల్లో ఎలుగు మనుషుల మీద పడిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మసక వెలుతురులో అవి పగలు కూడా తిరుగుతాయి. కాబట్టి మెల్లగా మాట్లాడుకుంటూ నడవండి. హఠాత్తుగా ఎదురుపడితేనే అవి మీదపడతాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచేవాళ్ళను నేను వెంట తీసుకెళ్ళను. లఖారి లోయ వైపు నుంచి ఏనుగులు కూడా దిగుతుంటాయి. తాజా లద్దె కనిపిస్తే ఆ రోజుకు ఇంటికి తిరగండి.

పాముల కోసం కర్రతో నేల తడుతూ వెళ్ళండి, కంటికి కనిపించని సందులో చెయ్యి పెట్టకండి. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ చేయొద్దు. ఆ కాలు కదలకుండా కర్రముక్క పెట్టి గుడ్డతో వదులుగా చుట్టి, మనిషిని మోసుకుని దించి, పాము విషానికి ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. సిగ్నల్ దొరికిన చోట 108 కొట్టండి.

10. దిగాక

ఊళ్ళో మనిషికి వచ్చేశామని చెప్పండి. ఇంటికి ఫోను చేయండి. బండెక్కే ముందు పొడి చొక్కా మార్చుకోండి.

ఇంటికి చేరగానే బట్టలన్నీ వేడినీళ్ళలో వేసి, సబ్బు రుద్దుకుని స్నానం చేయండి. చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో వెతకండి. పొదల్లో ఉండే కంటికి కనిపించని నల్లి కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట నల్లటి పొక్కు, కాలినట్టు, నొప్పి లేకుండా ఉంటుంది. జ్వరం ఒక వారం తర్వాత మొదలై మూడు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. మలేరియాకైనా వారం, రెండు వారాలు పడుతుంది. అప్పటికి నడక సంగతి మనం మర్చిపోయి ఉంటాం, డాక్టరుకు చెప్పం. ఒకసారి నేనూ అలాగే ఐదు రోజులు మామూలు జ్వరం మాత్రలు మింగుతూ కూర్చున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో వంటింటి కేలండరులో నడకకు వెళ్ళిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, మూడు వారాల తర్వాత తేదీ చుట్టూ ఇంకో సున్నా పడతాయి. రెండు సున్నాల మధ్య ఎవరు ఒళ్ళు వెచ్చగా ఉందన్నా మా ఆవిడ ముందు రక్తపరీక్షకే పంపిస్తుంది.